పై గీత దాటిన నూనె

1978 ఆగస్టులో నన్ను తిరువళ్ళూరు వర్క్‌షాపు నుంచి పూండి జలాశయం సెక్షనుకు జూనియర్ ఇంజనీరుగా బదిలీ చేశారు. నేను మెకానికల్ వాణ్ణి. జలాశయాల దగ్గర రాజ్యమంతా సివిల్ వాళ్ళది. కట్ట వాళ్ళది, తూములు వాళ్ళవి, కాలువలు వాళ్ళవి. మెకానికల్ వాడి పాలికి వచ్చేవి షట్టర్లు ఎత్తే గేర్లు, ఆ గేర్లకు పూసే గ్రీజు, ఒక డీజిల్ పంపు, ఒక పడవ. గ్రీజు గురించి రాస్తే చదివేవాళ్ళు ఉండరు కనుక పడవ గురించి రాస్తున్నాను.

నా కాపురం తిరుత్తణిలో. పొద్దున పాసింజరు ఎక్కి అరక్కోణంలో బండి మారి తిరువళ్ళూరులో దిగేవాణ్ణి. అక్కడి నుంచి పూండి బస్సు. ఆ బస్సులో నాతోపాటు వంకాయల గంపలు, అప్పుడప్పుడు మేకపిల్లలు కూడా ప్రయాణం చేసేవి. గంపలకు ముందు సీట్లు దొరికేవి.

మా శాఖలో మెట్లు ఎలా ఉండేవో ఇక్కడే చెప్పాలి. సెక్షనుకు జూనియర్ ఇంజనీరు. డివిజనుకు ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అంటే ఇ.ఇ. ఆయన పైన సర్కిలంతటికీ సూపరింటెండింగ్ ఇంజనీరు, అంటే ఎస్.ఇ. మధ్యలో ఇంకో మెట్టు ఉండేది గానీ ఈ కథలో ఆయనకు పని లేదు, నేను చెప్పబోయే తనిఖీ రోజు సెలవులో ఉన్నారు. ఎస్.ఇ. ఎప్పుడో ఒకసారి వచ్చేవారు. ఆయన వస్తున్నారని తెలిస్తే కట్ట మీద రాళ్ళకు సున్నం కొట్టేవాళ్ళు. కొట్టిన సున్నం ఆయన చూసేవారో లేదో ఎవరికీ తెలియదు. కొట్టకపోతే మాత్రం చూస్తారని అందరి నమ్మకం.

ఈ అందరికీ కింద, అసలు మెట్లలోనే లేని మనిషి ఎన్.ఎం.ఆర్. కూలి. మస్టర్ రోల్ అనే హాజరు పట్టీలో పేరుంటే ఆ రోజు పని, లేకపోతే లేదు. జీతం నెలది కాదు, రోజుది. సెలవు లేదు, పింఛను లేదు. ఒళ్ళు బాగాలేకపోతే ఆ రోజు మనిషి ప్రభుత్వం లెక్కలో లేనట్టే. పడవ నడిపే తణికాచలం అలాంటి ఎన్.ఎం.ఆర్. నాకన్నా వయసులో చాలా పెద్ద. జలాశయం ఒడ్డు పల్లెలో తరాలుగా సేద్యం చేసుకుంటున్న తెలుగు కుటుంబం. జలాశయం కట్టినప్పుడు వాళ్ళ పొలంలో సగానికి పైగా నీళ్ళ కిందికి పోయింది. మొదటిసారి నన్ను పడవలో తిప్పినప్పుడు నడుమ ఒకచోట మోటారు ఆపి ఆయన చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

"ఇది మా బాయి కాడ సార్. మా తాత చెరుకు పెట్టినాడు ఈడ. ఇప్పుడు మా నేల మీదనే పడవ తోలి కూలి తెచ్చుకుంటా ఉండా."

ఆయన దాన్ని బాధగా చెప్పలేదు. ఇదిగో ఇది పోస్టాఫీసు అని చూపించినట్టు చెప్పి మోటారు మళ్ళీ లాగాడు.

పడవ పని ఏమిటంటారా? నడుమ నీళ్ళ నమూనాలు తీయడం, అడుగున పూడిక కొలవడం, వానాకాలం తూము టవరు దగ్గర కొట్టుకొచ్చిన చెత్త చూసి రావడం. ఇవి మదరాసు తాగే నీళ్ళు కనుక నమూనాలకు విలువ ఉండేది. నేను వెళ్ళిన కొత్తలో ఉన్న మోటారు టూ స్ట్రోకు రకం. దానికి నూనెను పెట్రోలులోనే కలిపి పోయాలి. ఆ కలిపిన నూనే ఇంజను లోపల రాపిడి తగ్గిస్తుంది. వేరే ఏర్పాటు ఉండదు. తణికాచలం బంధువుల పెళ్ళికి పోయిన ఒక రోజు, బదులు వచ్చిన మనిషి నూనె కలపకుండా ఉత్త పెట్రోలు పోసి నడిపాడు. పిస్టను సిలిండరుకు అతుక్కుపోయింది. దాన్ని సీజ్ కావడం అంటారు. ఆ మోటారును కండెమ్ చేశారు, అంటే ఇక పనికిరాదని రాసి పక్కన పడేశారు. తణికాచలం మీద తప్పు ఎవరూ మోపలేదు. అయితే ఆయన పెళ్ళిభోజనం చేసి వచ్చేసరికి తన మోటారు పోయింది. నూనె తక్కువైతే ప్రాణం పోతుందన్న సంగతి ఆయనకు ఆ రోజు ఎముకల దాకా దిగింది. ఆ తర్వాత జరిగినదంతా అక్కడి నుంచే వచ్చింది.

కొత్తగా వచ్చినది జపాను మోటారు. ఫోర్ స్ట్రోకు. పడవ వెనక బిగించే మోటార్లలో అప్పట్లో అది మా వైపు ఎవరూ చూడని రకం. దీనికి పెట్రోలు వేరు, నూనె వేరు. నూనె ఇంజను అడుగున తన గదిలో తాను ఉంటుంది, కారులో ఉన్నట్టే. పెట్రోలులో నూనె కలపకూడదు. ఈ మాట చెప్పగానే తణికాచలం చేతులు వెనక్కు పెట్టుకున్నాడు. ఉత్త పెట్రోలు పోసి తాడు లాగడానికి ఆయన ఒప్పుకోలేదు. తెలిసి తెలిసి రెండో మోటారును కూడా చంపమంటారా అన్నట్టు నన్ను చూశాడు. చివరికి నేనే లాగాను. మోటారు నడిచింది. పొగ లేదు, శబ్దం కూడా తక్కువ. ఆ నిశ్శబ్దం ఆయనకు నచ్చలేదు, జబ్బు మనిషి పడుకున్నట్టుందన్నాడు.

అప్పుడు నేను నూనె మూత విప్పి, దానికి కింద వేలాడే డిప్‌స్టిక్ చూపించాను. అది ఒక సన్నటి పుల్ల. దాని మీద రెండు గీతలు ఉంటాయి. పుల్లను శుభ్రంగా తుడిచి, మళ్ళీ లోపల పెట్టి బయటికి తీస్తే నూనె ఎక్కడి దాకా తడిసిందో కనబడుతుంది. కింది గీతకు తగ్గితే ప్రమాదం. పై గీత దాటితే కూడా ప్రమాదమే. నా ఉద్యోగ జీవితంలో ఎందరికో ఈ రెండు గీతల సంగతి చెప్పాను. మొదటి దాన్ని అందరూ నమ్మారు. రెండో దాన్ని ఎవరూ నమ్మలేదు. ఎక్కువైతే నష్టమేమిటి అనేది మనవాళ్ళ స్వభావంలోనే ఉంది. మా వైపు గానుగ నూనె అమ్మేవాడు కూడా కొలత పోశాక కొసరు పోయకపోతే ఆ ఇంటికి మళ్ళీ రాలేడు.

నష్టం ఏమిటో చెబుతాను. ఇంజను లోపల క్రాంకు అనే ఇరుసు గిరగిర తిరుగుతూ ఉంటుంది. నూనె మట్టం పెరిగితే అది నూనెలో మునిగి, కవ్వం మజ్జిగను చిలికినట్టు చిలుకుతుంది. నూనె నురగవుతుంది. ఆ నురగ గాలి పోయే గొట్టంలోంచి పైకెక్కి కార్బురేటరులో పడి మండుతుంది. తెల్లటి పొగ వస్తుంది, ప్లగ్గు మసిబారి నిప్పు రాలడం మానేస్తుంది, మోటారు ఆగుతుంది. మొత్తానికి దాహంతో చావదు, అజీర్తితో పడుకుంటుంది.

కొత్త ఇంజనుకు మొదటి నూనె తొందరగా మార్చాలి. లోపలి ఇనుము ఒకదానితో ఒకటి రాసుకుని సన్నటి పొడి రాలుతుంది, అది నూనెతోపాటు బయటికి పోవాలి. తర్వాత నడిచిన గంటల లెక్కన మారుస్తూ ఉండాలి. పడవ మోటారును గాలిలో నడపకూడదు, అది చల్లబడేది నీళ్ళతో. కనుక పైభాగం కోసేసిన డ్రమ్ములో నీళ్ళు నింపి, మోటారు కాలు అందులో ముంచి కాసేపు నడిపేవాళ్ళం. వెచ్చబడితే నూనె పల్చబడి మలినాన్ని వెంట తీసుకుని దిగుతుంది. తర్వాత మోటారు ఆపి, నిటారుగా ఉందో లేదో చూసి, పై మూత వదులు చేసి, పక్కనున్న డ్రైన్ బోల్టు విప్పాలి. ఆ బోల్టు ఉన్న చోటు తయారుచేసిన వాడికి తప్ప ఎవరికీ అనుకూలం కాదు. నూనె నేరుగా కింద పడకుండా మోటారు కాలు వెంబడి కారుతుంది. అందుకని నేను పాత డబ్బా రేకు ఒకటి వంచి దోనెలా చేసి బోల్టు కింద పట్టించేవాణ్ణి. నూనె దిగాక బోల్టుకు కొత్త వాషరు వేసి బిగించి, పై నుంచి కొత్త నూనె పోయాలి. కాసేపు ఆగి పుల్ల చూడాలి. కాస్త నడిపి, ఆపి, మళ్ళీ చూడాలి. కింది గేరుబాక్సు నూనె వేరు, దాని జోలికి ఇప్పుడు పోను.

తణికాచలం ఇదంతా ఒక్కసారికే పట్టుకున్నాడు. దించిన పాత నూనె కోసం పల్లెలో బండి ఉన్న ప్రతి ఇంటివాళ్ళూ డబ్బా పట్టుకుని వచ్చేవాళ్ళు, ఇరుసులకు పూయడానికి. ఆ పంపకం కూడా ఆయనే చూసేవాడు. ఆయనకు ఒక్కటే మింగుడుపడలేదు. లీటరు డబ్బా తెస్తే మోటారుకు పట్టేది అంతకు తక్కువ. అడుగున కొంత మిగిలేది. "మిగిలింది యాడ పొయ్యాల సార్?" అని ప్రతిసారీ అడిగేవాడు. యాడా పొయ్యద్దు, మూత పెట్టి దాచు అని నేను ప్రతిసారీ చెప్పేవాణ్ణి. పెట్టగా మిగిలినది కళ్ళ ముందే ఉంచుకుని, తిన్నవాణ్ణి ఇక చాలు లెమ్మనడం ఆయనకు మర్యాదగా తోచేది కాదు.

మరుసటి ఏడు దీపావళి వెళ్ళిన కొద్ది రోజులకు ఎస్.ఇ. గారు తనిఖీకి వస్తున్నారని కబురు వచ్చింది. ఈసారి సున్నం సరిపోదు. ఆయన పడవ ఎక్కి చూస్తారట. సర్కిల్లో మోటారు పడవలు అవసరమా, తెడ్డు పడవలు చాలవా అన్నది తేల్చాలి. అవసరం అని తేలితే మోటారు పడవ డ్రైవరు అనే పర్మనెంటు పోస్టు ఒకటి మంజూరవుతుంది. ఆ పోస్టుకు తణికాచలం పేరే నేను రాసి పంపాను. అవసరం లేదంటే మోటారు వేరే సర్కిలుకు పోతుంది, తణికాచలం పేరు హాజరు పట్టీలోంచి కూడా పోతుంది. ఆయన వయసు అప్పటికే పర్మనెంటు కావడానికి ఉన్న హద్దుకు దగ్గరగా వచ్చింది. ఈ ఏడు తప్పితే మళ్ళీ అవకాశం లేదు. మా ఇ.ఇ. గారి అభిప్రాయం మొదటి నుంచీ తెడ్లే. తెడ్డు సీజ్ కాదు కదా అనేవారు.

తనిఖీ ముందు రోజు మధ్యాహ్నం నూనె మార్చాం. రెండు సార్లు పుల్ల చూశాను. పై గీతకు ఒక వెంట్రుక కింద ఉంది. ఇక దాన్ని ముట్టుకోవద్దని చెప్పి, మిగిలిన డబ్బా తణికాచలం చేతికిచ్చి, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయాను.

తెల్లవారి నేను వచ్చేసరికి మోటారుకు చందనం పూసి, కుంకుమ పెట్టి, చామంతి దండ వేసి ఉంది. పడవ ముందు నిమ్మకాయలు. మా వైపు బండి కొత్తదైనా, పని పెద్దదైనా ఇది మామూలే కనుక నేనేమీ అనుకోలేదు. కట్ట మీద తణికాచలం తల్లి గోవిందమ్మ, భార్య, అత్తగారు పట్టుచీరలు కట్టుకుని నిలబడి ఉన్నారు. పెళ్ళివారిని చూడ్డానికి వచ్చినట్టుంది. ఆ దండ తీసి, మూత విప్పి ఒకసారి పుల్ల చూద్దామని నేను దిగుతుండగానే ఎస్.ఇ. గారి జీపు వచ్చేసింది. అనుకున్న సమయం కంటే బాగా ముందే. ఆయనకు ఒక బోండాం కొట్టిచ్చారు. ఆయన బోండాం చేతిలో పట్టుకునే నేరుగా పడవలోకి దిగారు. పై అధికారి పడవలో కూర్చున్నాక జూనియర్ ఇంజనీరు మూతలు విప్పుతూ కూర్చోవడం పద్ధతి కాదు.

ఎస్.ఇ. గారి సొంత ఊరు కవరైపేట్టై వైపు. ఆయన ఇంట్లో తెలుగు మాట్లాడతారని విన్నాం గానీ ఆఫీసులో ఎవరూ వినలేదు. మనుషులతో తమిళం, ఫైళ్ళతో ఇంగ్లీషు. పెద్ద మనిషి, తల మీద ఒక్క వెంట్రుక లేదు. పడవలో నలుగురం. ముందు ఇ.ఇ. గారు నల్ల కళ్ళద్దాలతో, నడుమ ఎస్.ఇ. గారు, వెనక నేను, మోటారు దగ్గర తణికాచలం.

మోటారు ఒక్క లాగుకే పట్టుకుంది. కట్ట మీద ఆడవాళ్ళు చేతులు జోడించారు. కొంత దూరం బాగానే పోయాం. ఎస్.ఇ. గారు తూము టవరు గురించి ఏదో అడిగారు, నేను చెబుతున్నాను. ఇంతలో వెనక నుంచి తెల్లటి పొగ మొదలైంది. నేను తణికాచలం వైపు చూశాను, ఆయన నా వైపు చూడలేదు. శబ్దం గొంతు పట్టినట్టు మారింది. టవరు ఇంకా దూరం ఉండగానే మోటారు దగ్గి ఆగిపోయింది. మళ్ళీ లాగితే పొగ వచ్చింది, ప్రాణం రాలేదు.

గాలి మమ్మల్ని నెమ్మదిగా నీటి అంచున పెరిగిన తుంగ వైపు తోస్తోంది. ఇ.ఇ. గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఇది కూడా పాతదాని దారే పట్టింది, దీన్ని కూడా కండెమ్ చేయడం మంచిదని ఇంగ్లీషులో అన్నారు. ఆ మాటలో తణికాచలానికి అర్థమయ్యేది ఒక్క కండెమ్ మాత్రమే. అది చాలు. ఒక్క పదంతో ఆ మనిషి బతుకు ఎటు పోతుందో పడవలో మిగతా ముగ్గురికీ తెలుసు. నాకు ఇ.ఇ. గారి మీద చెప్పలేనంత కోపం వచ్చింది, దాన్ని చూపించే హోదా లేదు.

నేను దండ తీసి పక్కన పెట్టి, కవరు ఎత్తి, పుల్ల లాగాను. పై గీత కనబడలేదు. దానికి చాలా పైదాకా నూనే, అది కూడా నురగ. నిన్న నేను వదిలినప్పుడు పై గీతకు వెంట్రుక కిందే ఉంది. ఎస్.ఇ. గారు ఏమైందని అడిగారు. నూనె ఎక్కువైంది సార్, ఇంజను చెడలేదు, తీసేస్తే నడుస్తుందని చెప్పాను. ఎలా ఎక్కువైందని ఆయన తమిళంలో అడిగారు. కారణం అంతకు ముందే నాకు తట్టింది. డబ్బాలో మిగిలినది నేనే పోశానని చెప్పేద్దామా అని కూడా అనుకున్నాను. తణికాచలం నాకు ఆ అవసరం రానివ్వలేదు. ఆయన తమిళం మరిచిపోయి ఇంటి భాషలోకి వచ్చేశాడు.

"సార్ మీద ఏం లేదయ్యా. సార్ సరింగానే పోసి పొయినారు. పొద్దున మా యమ్మ ఒగ కరండి పోసినాది, మా యత్త ఒగటి, మా ఇంట్లో ఆమె ఒగటి. కడాకి నేను ఒగటి."

ఇ.ఇ. గారు ఎందుకని గద్దించారు.

"మంచి పనికి పొయ్యేవానికి తలకి నూనె పెట్టకుండా ఎట్ల పంపేది సామీ? పెండ్లికొడుక్కి తలా ఒక చెయ్యి పెడ్తారు గదా. మా బతుకంతా ఈ పొద్దు దీని మీదనే గదా ఉండేది."

నలుగు పెట్టే రోజు ముత్తయిదువలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి పెళ్ళికొడుకు తల మీద నూనె పెడతారు. ఇంట్లో ఎవరినీ తప్పించకూడదు. తప్పిస్తే వాళ్ళ దీవెన తప్పినట్టు. తలకైతే ఎంత మంది పెట్టినా కారిపోతుంది, సీకాయతో పోతుంది. ఇంజనులోంచి ఎక్కడికీ పోదు. పైగా కరండి అంటే గరిటె, మా వైపు ఆడవాళ్ళ చేతిలో అది వెలితిగా లేవదు.

తుంగ దగ్గరపడుతోంది. ఎస్.ఇ. గారు తన గుండు మీద ఒకసారి చెయ్యి పెట్టుకుని, తెలుగులో, ఎవరితోనూ కానట్టు అన్నారు.

"మా యమ్మ నాకు ఈ దీపావళికి గూడా పెట్టినాది."

ఇ.ఇ. గారు నీళ్ళకేసి చూశారు. నేను కూడా అటే చూశాను.

తర్వాత ఎస్.ఇ. గారు మళ్ళీ ఎస్.ఇ. అయ్యారు. ఇక్కడే తీయగలవా అని నన్ను అడిగారు. తీయగలను, అయితే రేకు దోనె ఒడ్డున ఉంది, బోల్టు కింద ఉన్నవి నీళ్ళు అన్నాను. ఒక్క చుక్క కూడా నీళ్ళలో పడకూడదు, ఊరంతా తాగేవి ఇవి అన్నారు ఆయన. ఆ విషయంలో ఆయనకూ నాకూ భేదం లేదు. దండ చుట్టి తెచ్చిన అరటాకు పడవలో పడి ఉంది. దాన్ని మడిచి దోనె చేశాను. ఇక పట్టుకోవడానికి గిన్నె కావాలి. పడవలో గిన్నెలాంటిది ఎస్.ఇ. గారి చేతిలోని బోండాం ఒక్కటే. ఆయన మిగిలిన నీళ్ళు తాగేసి, చాకుతో దాని మూతి పెద్దది చేయమని నాకిచ్చారు.

హోదా ప్రకారం పని పంచుకునేందుకు వేళ లేదు. తుంగలో పడకుండా ఇ.ఇ. గారు తెడ్డు వేశారు. తెడ్డు మీద ఆయనకున్న గౌరవం ఆ కొద్దిసేపట్లో తగ్గిందని నా అనుమానం, ఎందుకంటే పడవ రెండుసార్లు గుండ్రంగా తిరిగింది. తణికాచలం మోటారు కాలికి ఆనించి ఆకు పట్టుకున్నాడు. నేను బోల్టు వదులు చేశాను. వెనక బల్ల మీద బోర్లా పడుకున్నట్టు వంగి, సర్కిలంతటికీ పెద్ద అయిన మనిషి రెండు చేతులా బోండాం చిప్ప పట్టుకుని ఆకు కొసన నూనె పట్టారు. బోల్టు పూర్తిగా విప్పలేదు, నాలుగు మరలు మాత్రమే. కొంచెం దిగగానే బిగించి పుల్ల చూడటం, మళ్ళీ వదలడం. రెండు గీతల నడుమకు వచ్చేసరికి చిప్ప నిండింది. ఒక్క చుక్క నీళ్ళలో పడలేదు. కొంత ఎస్.ఇ. గారి తెల్ల చొక్కా మీద పడింది, దాన్ని ఆయన లెక్కలోకి తీసుకోలేదు.

ప్లగ్గు విప్పి చూస్తే తడిసి నల్లగా ఉంది. సంచిలో కొత్తది ఉంది, వేశాను. తణికాచలాన్ని లాగమన్నాను. మొదటి లాగుకు రాలేదు. రెండోదానికి దగ్గింది. మూడోదానికి తెల్లటి పొగ ఒక మేఘమంత వదిలి మోటారు నడిచింది. గొట్టాల్లో మిగిలిన నూనె మండి పోయేదాకా పొగ వచ్చింది, తర్వాత ఆగిపోయింది. ఎస్.ఇ. గారు వెనక్కు తిప్పమనలేదు. టవరు చుట్టి, తూము చూసి, ఒక సీసాలో నీళ్ళ నమూనా తీయించి అప్పుడు ఒడ్డుకు పోదామన్నారు. అంతసేపూ ఆ చిప్ప ఆయన ఒళ్ళోనే ఉంది. కింద పెడితే పడవ ఊగి ఒలుకుతుంది.

ఒడ్డున ఆడవాళ్ళకు పొగ కనబడింది, పడవ ఆగడం కనబడింది. మిగతాది కనబడలేదు. గోవిందమ్మ కట్ట దిగి నీళ్ళ అంచుకు వచ్చి నిలబడింది. అంత పెద్ద అధికారి చిప్ప పట్టుకుని పడవ దిగుతుంటే ముందు దాన్ని అందుకుంది. లోపలికి చూసి, వాసన చూసి, ఆయననే అడిగింది.

"ఇంత మిగిలి పొయినాదే నాయినా. దానికి చాలినంత తాగినాదా?"

తాగింది అమ్మా, కడుపు నిండా తాగింది అన్నారు ఎస్.ఇ. గారు. ఆమె తృప్తిపడి, ఆ చిప్పను బండి ఇరుసుకు పనికొస్తుందని ఇంటికి తీసుకుపోయింది.

జీపు ఎక్కేముందు ఆయన నాకు ఒక్కటే ఆదేశం ఇచ్చారు. ఇకమీదట ఇంజనులో నూనె ఒక్క మనిషే పోయాలి. కొన్నాళ్ళకు అదే మాట సర్కిలంతటికీ సర్క్యులరుగా వచ్చింది. డీజిల్ పంపుల దగ్గర, లారీల దగ్గర, రోడ్డు రోలర్ల దగ్గర అందరూ దాన్ని శ్రద్ధగా పాటించారు. ఎందుకో ఎవరూ అడగలేదు, మా శాఖలో అడిగే అలవాటు లేదు. మోటారు పడవ అవసరమేనని తేలింది. నడినీళ్ళలో ఆగినా అక్కడికక్కడే బాగుచేసుకోగల యంత్రమని ఎస్.ఇ. గారు రాశారట. సంక్రాంతికి ముందే తణికాచలం పోస్టు వచ్చింది. ఆ కాగితం ఆయన నాకు చూపించలేదు, మోటారు ముందు పెట్టి దండం పెట్టి, తర్వాత తల్లి చేతికిచ్చాడు. ఆమెకు చదువు రాదు. అయినా చాలాసేపు చూసింది.

అయితే ఒక చిక్కు మిగిలింది. తర్వాతి నూనె మార్పుకు గోవిందమ్మ మళ్ళీ గరిటె పట్టుకుని వచ్చింది. ఆమె దృష్టిలో ఆ రోజు ఏదీ చెడలేదు. అందరూ నూనె పెట్టారు, పని అయింది, కొడుకుకు ఉద్యోగం వచ్చింది. అందులో తప్పు ఎక్కడుందో చెప్పమంటే నా దగ్గర క్రాంకు, కవ్వం తప్ప ఇంకేమీ లేవు. పైగా ఎస్.ఇ. గారి ఆదేశం ఉంది, ఒక్క మనిషే పోయాలని. ఆ మనిషి ఎవరో ఆయన చెప్పలేదు.

నేను ఆ రోజు పై గీత దాకా పోయలేదు. ఆమె గరిటె ఎంతో ఒకసారి నీళ్ళతో కొలిచి చూసుకుని, అంత వెలితి వదిలి చాలించాను. మిగతాది ఆమె పోసింది. పుల్ల చూశాను. పై గీతకు ఒక వెంట్రుక కింద ఉంది. పూండిలో ఉన్నంత కాలం నూనె అలాగే మార్చాను. మోటారు నేనున్నన్నాళ్ళూ మళ్ళీ ఆగలేదు.

ఆ ఉదంతం నాకు నేర్పింది ఇంతే. కొలత నిర్ణయించేవాడు గిన్నె పరిమాణం ఒక్కటే చూస్తే చాలదు, అందులో పోయడానికి ఎన్ని చేతులు వస్తాయో ముందే లెక్కలో వేసుకోవాలి. తర్వాతి పోస్టింగుల్లో పంపులకు, గేట్లకు, వర్క్‌షాపు షెడ్యూళ్ళకు అన్నిటికీ ఈ లెక్కే వాడాను. తప్పు రాలేదు.

చాలా ఏళ్ళకు ఒకసారి పూండి వెళ్ళాను. గోవిందమ్మ అప్పటికి లేదు. తణికాచలం నూనె మారుస్తున్నాడు. పోయడం ఆపి పుల్ల చూశాడు. పై గీతకు సరిగ్గా తల్లి గరిటెడు వెలితి ఉంది. చూసి, డబ్బాకు మూత పెట్టి దాచాడు. మోటారుకు ఇబ్బంది లేదు, రెండు గీతల నడుమ ఎక్కడున్నా దానికి సమ్మతమే.